తెర మీద దేహం, తెర వెనుక లోటు

వైద్య విద్యలో మల్టీమీడియా సాంకేతికతపై అంతర్జాతీయ సదస్సు ఎక్కడ జరిగినా ఇప్పుడు ఒక మాట వినిపించకుండా ముగియడం లేదు. నిలువెత్తు తెర మీద మనిషి దేహాన్ని పొరలు పొరలుగా కోసి చూపే డిజిటల్ డిసెక్షన్ టేబుల్ వచ్చేసింది కనుక మృతదేహాల కొరత తీరిపోయినట్టేనన్నది ఆ మాట. అమ్మేవారు అలా అనడంలో వింతేమీ లేదు. కొనే యాజమాన్యాలు, వాటికి అనుమతులు ఇప్పించే పెద్దలు కూడా అదే పల్లవి అందుకోవడమే దిగులు పుట్టిస్తోంది. 2025 సెప్టెంబరు 24న కేంద్ర మంత్రివర్గం సీటుకు గరిష్ఠంగా కోటిన్నర రూపాయల వ్యయంతో 5,023 ఎంబీబీఎస్ సీట్లు, 5,000 పీజీ సీట్లు పెంచేందుకు పచ్చజెండా ఊపింది. ఐదేళ్లలో 75 వేల సీట్లు పెంచాలన్నది అంతకు ముందే బడ్జెట్లో ప్రకటించిన లక్ష్యం. సీట్లు పెరగడం అవసరమే. అయితే ఇంతమందికి అనాటమీ నేర్పేదెవరు, దేని మీద నేర్పుతారు అని అడిగినప్పుడు గోడకు ఆనించిన పెద్ద తెరను చూపిస్తే ఊరుకోవడం కుదరదు.

ఆ టేబుల్‌తో మేలు లేదని ఎవరూ అనరు. కోసిన పొరను మళ్లీ యథాస్థానంలో పెట్టి పదిసార్లు కోయవచ్చు, సీటీ స్కాన్‌ను పక్కనే పెట్టి పోల్చుకోవచ్చు, కేన్సర్ కారకమని తేలిన ఫార్మాల్డిహైడ్ వాసన పీల్చే బాధ ఉండదు. చదువుకు తోడుగా ఉంటానంటే రానివ్వవచ్చు. ‘కొరత తీరింది’ అన్న దగ్గరే పేచీ.

డిసెక్షన్ హాల్లో మొదటి ఏడాది విద్యార్థులు చంక భాగాన్ని విప్పే రోజున ఏం జరుగుతుందో ఈ మాట అంటున్నవారికి తెలియనిది కాదు. వారిలో చాలామంది ఆ బల్ల పక్కన నిలబడి వచ్చినవారే. తెర మీద ధమని ఎర్రగా, సిర నీలంగా, నరం పసుపుపచ్చగా, పక్కన పేరుతో సహా కనిపిస్తాయి. నిజమైన దేహంలో అన్నీ దాదాపు ఒకే మట్టిరంగు. ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండుతుండగా ఫోర్సెప్స్‌తో కొవ్వును కొద్దికొద్దిగా తీస్తూ పోతే వేలికి ఏదో తగులుతుంది. పలచగా అణిగిపోతే సిర. గోడ మందంగా, నొక్కినా గొట్టంలా నిలబడితే ధమని. లోపల బోలు లేకుండా బిగువుగా ఉంటే నరం. తొందరపడి కత్తెర ఆడించిన కుర్రాడు ఆ నరాన్నే తెంపేసి గతుక్కుమంటాడు. అప్పుడు పక్కకు వచ్చి నిలబడిన ట్యూటర్, ‘ఏది తెంపావో చెప్పు, బతికున్న మనిషికైతే ఇప్పుడు ఏ వేళ్లు పనిచేయవో కూడా చెప్పు’ అంటారు. వెనక్కి వెళ్లే మీట లేని చోట నేర్చుకున్నది చేతికి పట్టుబడుతుంది. ఏ మల్టీమీడియా బల్ల ఆ పని చేసిందో, ఏ గాజు పలక మీద ఆ తేడా వేలికి తెలిసిందో సెలవిస్తే వినడానికి సిద్ధంగా ఉన్నాం.

అంతటితో అయిపోలేదు. పక్క బల్ల మీది దేహంలో అదే చేతి ధమని మోచేతి దాకా రాకుండా పైనే రెండుగా చీలి ఉండవచ్చు. ఇంకో దేహంలో పిత్తాశయానికి వెళ్లే రక్తనాళం పుస్తకంలో గీసిన దారి వదిలేసి వేరే దారి పట్టి ఉండవచ్చు. ఆపరేషన్ బల్ల దగ్గర సర్జన్‌ను ఇరకాటంలో పెట్టేవి, ఒక్కోసారి రోగి ప్రాణం మీదికి తెచ్చేవి ఇలాంటి తేడాలే. హాల్లో పది దేహాలుంటే విద్యార్థి పది రకాల మనుషుల్ని చూస్తాడు. తెరలో ఎన్ని దేహాలు నింపి ఇస్తే అన్నే చూస్తాడు.

ఇక ఆ తెర మీది దేహం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. ఈ రంగానికంతటికీ పునాది వేసిన ‘విజిబుల్ హ్యూమన్’ ప్రాజెక్టును అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం చేపట్టింది. 1993లో టెక్సస్‌లో మరణశిక్ష అమలైన జోసెఫ్ పాల్ జెర్నిగన్ తన దేహాన్ని వైద్య విజ్ఞానానికి ఇచ్చాడు. దాన్ని గడ్డకట్టించి, మిల్లీమీటరు చొప్పున అరగదీస్తూ, ప్రతి పొరనూ ఫొటో తీశారు. 1,800కు పైగా చిత్రాలతో 1994లో ప్రపంచానికి అందించారు. గొప్ప పనే, సందేహం లేదు. కానీ ఆ దేహంలో అపెండిక్స్ లేదు. అంతకు ముందే ఆపరేషన్ చేసి తీసేశారు. దేశదేశాల్లో ఎందరో విద్యార్థులు నమూనా పురుషుడిగా చూసింది ఆ ఒక్క మనిషినే. ఒక ఇంటి ప్లాను చేతికిచ్చి, ఊళ్లో ఇళ్లన్నీ ఇలాగే ఉంటాయి, తిరిగి చూడక్కర్లేదు అనడం ఎలాంటిదో, ఒక తెర కొనిచ్చి డిసెక్షన్ హాలుకు తాళం వేయడమూ అలాంటిదే. పైగా ఆ తెర కూడా ఎవరో ఒకరు దానం చేసిన దేహం మీద ఆధారపడి పుట్టిందే. దేహమే అక్కర్లేదని చెప్పడానికి దాన్నే సాక్ష్యంగా పిలవడం ఏం న్యాయం?

విదేశాల్లో మృతదేహాలు లేకుండానే నేర్పడం లేదా అన్నది ఇంకో దబాయింపు. నిజమే, ఇంగ్లాండులోని పెనిన్సులా వైద్య కళాశాల 2002లో అలాగే మొదలైంది. అక్కడ మృతదేహం స్థానంలోకి వచ్చింది తెర ఒక్కటే కాదు. ప్రాణమున్న మనుషుల ఒంటి మీద తాకి, తట్టి నేర్పే పద్ధతి, స్కానింగ్ చిత్రాలు, వాటిని విడమరచి చెప్పే వైద్యులు అన్నీ కలిసి వచ్చాయి. అందులో తెరను మాత్రమే తెచ్చుకుని మిగతావాటిని విమానాశ్రయంలో వదిలేసి వస్తే దాన్ని పెనిన్సులా నమూనా అంటారా? అమెరికాలో కేస్ వెస్టర్న్ విశ్వవిద్యాలయం 2019లో ప్రారంభించిన కొత్త ప్రాంగణంలో డిసెక్షన్ హాలే కట్టకుండా, దేహాన్ని కళ్ల ముందు త్రీడీ బొమ్మగా చూపే మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ కళ్లద్దాలతో అనాటమీ బోధనకు ఏర్పాటు చేసుకుంది. 2024లో మైక్రోసాఫ్ట్ ఆ కళ్లద్దాల తయారీనే ఆపేసింది. డబ్బూ నిపుణులూ దండిగా ఉన్న విశ్వవిద్యాలయం దీన్ని తట్టుకుంటుంది. వారంటీ ముగిసిన టేబుల్ మీద దుమ్ము పేరుకున్న జిల్లా కళాశాల ఏం చేస్తుంది?

‘కొరత తీరింది’ అన్న మాట దాస్తున్నది వేరే ఉంది. అసలు కొరత అధ్యాపకులది. 2025లో తెలంగాణలోని 26 ప్రభుత్వ వైద్య కళాశాలలకు జాతీయ వైద్య కమిషన్ నోటీసులిచ్చింది, లోపాల్లో ముందున్నది బోధనా సిబ్బంది కొరతే. అదే ఏడాది జూలైలో కమిషన్ అధ్యాపకుల అర్హతలు సడలించి, 220 పడకలు దాటిన ప్రభుత్వ ఆస్పత్రుల్లో పదేళ్ల అనుభవమున్న స్పెషలిస్టులను అసోసియేట్ ప్రొఫెసర్లుగా తీసుకోవచ్చంది. మరోవైపు వైద్య కళాశాలల తనిఖీల్లో లంచాలపై సీబీఐ పెట్టిన కేసులో, లేని అధ్యాపకులను ఉన్నట్టు చూపారనీ, నకిలీ వేలిముద్రలతో హాజరు వేశారనీ ఆరోపణలు వచ్చాయి. హాజరుపట్టీలోనే మనిషి వర్చువల్ అయిపోయిన దేశంలో బల్ల మీది దేహం వర్చువల్ అయితే తప్పేమిటని యాజమాన్యాలు అనుకుంటున్నాయి కాబోలు! ఆంధ్రప్రదేశ్‌లో పది కొత్త వైద్య కళాశాలలు ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం (పీపీపీ)లోకి వెళ్లాలా వద్దా అని సాగిన రగడలోనూ, భవనం ఎవరిదన్న మాటకు దక్కిన చోటు అందులో పాఠం ఎవరు చెబుతారన్న మాటకు దక్కలేదు.

దేహాలిచ్చేవారు లేరన్నదీ సాకే. 2024 సెప్టెంబరులో కన్నుమూసిన సీపీఎం నేత సీతారాం ఏచూరి దేహాన్ని ఆయన కుటుంబం ఢిల్లీ ఎయిమ్స్‌కు అప్పగించింది. నెల తిరిగేసరికి హైదరాబాద్‌లో మరణించిన ప్రొఫెసర్ జీఎన్ సాయిబాబా దేహం గాంధీ వైద్య కళాశాలకు చేరింది. పేరు లేని మామూలు మనుషులూ దేహదాన పత్రాల మీద సంతకాలు చేస్తున్నారు. మరణించిన గంటల్లో, అది అర్ధరాత్రయినా పండగపూటయినా, ఫోన్ ఎత్తి, వాహనం పంపి, కుటుంబానికి మర్యాదగా కాగితాలు పూర్తి చేయించే మనిషి ఒకరు కళాశాలలో ఉండాలి. ఒక జిల్లాలో ఎక్కువ వచ్చిన దేహాలను చాలని జిల్లాకు పంపే ఏర్పాటుండాలి. వీటికి పెద్ద టెండర్లు అక్కర్లేదు, అందుకే కాబోలు ఎవరికీ ఉత్సాహం లేదు.

డిజిటల్ టేబుల్‌ను బోధన పరికరంగా మాత్రమే లెక్కించాలని, మృతదేహానికి గానీ అధ్యాపకుడికి గానీ ప్రత్యామ్నాయంగా చూపడానికి వీల్లేదని జాతీయ వైద్య కమిషన్ రాతపూర్వకంగా తేల్చిచెప్పాలి. కొత్త సీట్లు కోరే ప్రతి కళాశాల అనాటమీ విభాగంలో ఎందరు అధ్యాపకులు పనిచేస్తున్నారో, ఒక్కో దేహం చుట్టూ ఎందరు విద్యార్థులు నిలబడుతున్నారో ఏటా జనం ముందు పెట్టాలి. టేబుల్ కొన్న రసీదుకు ఆ లెక్కలో చోటు ఉండకూడదు.