కాకి కదలకపోతే పోనీ, పిల్లను కదలనివ్వండి

"కనుమ నాడు కాకైనా కదలదు" అన్న సామెత మీద నాకీ ఏడు ఒళ్లు మండింది.

మా అమ్మాయి ఎండీ రెండో ఏడు చదువుతోంది. భోగి ముందురోజు రాత్రి వచ్చి, కనుమ మధ్యాహ్నం బయల్దేరింది. మర్నాడు పొద్దున్నే వార్డులో ఉండాలి. దానికి చుట్టాల్లో ఆడవాళ్లంతా ఒకటే గోల. "కనుమ నాడు ప్రయాణమేంటే? నువ్వెళ్లకపోతే ఆస్పత్రి మూసేస్తారా?" అని. అదే రోజు మా ఆడపడుచు కొడుకు హైదరాబాద్ బస్సెక్కాడు. వాడికి మాత్రం "పాపం, ఉద్యోగం కదా" అంటూ జంతికల డబ్బా చేతికిచ్చారు.

ఏం, దీనిది పని కాదా? పీజీ అంటే పుస్తకం పట్టుకు కూర్చోవడం అనుకుంటున్నారు. రౌండ్లు, ఓపీ, నైట్ డ్యూటీలు, మధ్యలో థీసిస్. జాతీయ వైద్య కమిషన్ 2023లో పెట్టిన నిబంధనల్లో క్యాజువల్ లీవు కింద రాసింది ఏడాదికి 20 రోజులు. హాజరు కనీసం 80 శాతం ఉండాలి. ఈ పిల్ల వెళ్లకపోతే ఆ డ్యూటీ ఇంకో పిల్ల నెత్తిన పడుతుంది. ఆ పిల్లకీ ఇల్లుంది, పండగుంది.

అసలు కనుమ పశువుల పండగ. ఏడాదంతా చాకిరీ చేసిన ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగులేసి, పూజ చేసి, ఆ రోజు బండి కట్టకుండా వదిలేసేవారు. బండి లేనప్పుడు ప్రయాణమెక్కడిది? మరి ఇప్పటి బస్సుకి కొమ్ములున్నాయా?

పోనీ, సామెతనే పట్టుకుందాం. ఎద్దుకిచ్చిన విశ్రాంతి పిల్లకిచ్చారా? తెల్లారకుండా లేపి ముగ్గులు, ఆ తర్వాత గారెల పిండి, వచ్చినవాళ్లకి కాఫీలు, పెద్దవాళ్లకి బీపీ చూడటం, షుగరు రిపోర్టులు చదివి చెప్పడం. పైగా "పెళ్లెప్పుడే?" ఒకటి.

ప్రేమకొద్దీ అన్నామంటారు. ప్రేమే, కాదనను. కానీ ఆ మాటలన్నీ మూటగట్టుకుని, ఇంట్లోవాళ్లని బాధపెట్టి వచ్చానే అనుకుంటూ ఆ పిల్ల నైట్ డ్యూటీ చేయాలి.

అందుకే అమ్మలూ, అత్తలూ, పిన్నులూ, వచ్చే పండక్కి పిల్ల పడుకుంటే లేపకండి. టికెట్ ఏ రోజుకో అడగండి, ఆ రోజుకే ఎందుకని అడక్కండి. బస్టాండు దాకా వెళ్లి ఎక్కించి రండి. ఏడుపొస్తే, బస్సు కదిలాక ఏడవండి.