తెలుగు నేర్వవచ్చినవారిని తరుముచున్న దెవరు?

మన సంఘముల వార్షికోత్సవములలో వినబడని యేడు లేని మాట యొకటి కలదు. "మనవారికి భాషాభిమానము నశించినది" అని అధ్యక్షులు సెలవిత్తురు. సభ చప్పట్లు కొట్టును. మరుసటి యేటికి తెలుగు తరగతిలో మరి నలుగురు తగ్గుదురు. హోసూరు మొదలు షోలాపురము వరకు, కోలారు మొదలు పర్లాకిమిడి వరకు, తరతరములుగా వెలుపలి నేలను స్థిరపడిన మనకు ఈ మాట వేదవాక్యమై కూర్చున్నది. (యానామువారి సంగతి వేరు, అక్కడ వీధియే తెలుగు.) ఈ మాట అసత్యమని నా వాదము. అభిమానము లేనివాడు పగలెల్ల దుకాణమున నిలిచి, రాత్రి 8 గంటలకు, 45 ఏండ్ల వయసున, పలక చేతబట్టి తరగతికి రాడు. వచ్చినాడనగా అభిమానమున్నట్లే. వచ్చినవాడు మరల రాకుండుటకు కారణము వేరొకటి. దానిని వెదకుటకు ధైర్యము చాలక మనము అభిమానముపై నెపము వేయుచున్నాము.

నా యనుభవమే చెప్పెదను. దోషము నాది గనుక ఎవరికిని నొప్పి కలుగదు. కొన్నేండ్ల క్రిందట ఒక సంఘమువారి రాత్రి తరగతిలో నేను పాఠము చెప్పుచుంటిని. హోసూరు ప్రాంతపు పల్లెనుండి పట్టణమునకు వచ్చి వ్యాపారము చేసికొనుచున్న పెద్దమనిషి యొకరు చేరిరి. ఆయన ఇంట మాటలాడునది తెలుగు, బడిలో చదివినది తమిళము. చేరుటకు కారణమడిగితిని. ఇంటిలో ఒక రేకుపెట్టె యున్నదనియు, అందు తాతగారి యుత్తరములు, భూమి కాగితములు, ఒక పద్దుల పుస్తకము కలవనియు, అన్నియు తెలుగు లిపిలో నున్నందున ఇంట నొక్కరికిని చదువ రాదనియు చెప్పిరి. "సారూ, నేను బిన్నా నేర్చుకోవల్ల" అనిరి. నేను నవ్వితిని. "బిన్నా కాదండీ, త్వరగా. నేర్చుకోవల్ల కాదు, నేర్చుకోవాలి" అని దిద్దితిని. తక్కినవారును నవ్విరి. ఆయనయు నవ్విరి. మూడు వారములు వచ్చిరి. ఆ మూడు వారములలో నోరు విప్పి ఒక పూర్తి వాక్యము పలికినట్లు నాకు జ్ఞాపకము లేదు. పిదప రాలేదు. ఆ యేటి నివేదికలో ఆయన పేరున కెదురుగా "వ్యాపార వ్యగ్రతచే మానుకొనిరి" అని నేనే వ్రాసితిని.

ఆయన మాటలో తప్పేమున్నది? 'బిన్న' యనుమాట రాయలసీమ పల్లెలలో నేటికిని వాడుకలో నున్నది. 'వలయును' అను పూర్వరూపమునుండి 'వాలి' యెంత దూరము వచ్చినదో 'వల్ల'యు నంతే దూరము వచ్చినది. ఒకటి అచ్చుపుస్తకములకెక్కెను, వేరొకటి ఎక్కలేదు, భేదమింతే. నేను దిద్దినది తప్పును కాదు, ఆయన తల్లి మాటను. తల్లి మాటను నలుగురిలో దిద్దించుకొనిన పెద్దవాడు మరల ఆ గడప తొక్కునా?

వయసు మళ్లినవారికి చదువు రాదను మాట పాతది. అమెరికా మనశ్శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థారన్‌డైక్ 1928లో పెద్దల అభ్యసనముపై గ్రంథము వెలువరించి, నేర్చుకొను శక్తి బాల్యముతోనే ముగియునను నమ్మిక నిలువదని చూపెను. తరువాత మాల్కమ్ నోల్స్ 1970లో వయోజనవిద్యను గూర్చి వ్రాయుచు మన కుపయోగించు సంగతి నొకదానిని నొక్కి చెప్పెను. పెద్దవాడు తరగతికి రిక్తహస్తములతో రాడు. ఇల్లు నడపినవాడు, అప్పులు తీర్చినవాడు, పిల్లలకు పెండ్లిండ్లు చేసినవాడు. తన నిర్ణయములు తాను చేసికొనువాడనని తన్ను తాను ఎరిగినవాడు. అట్టివానిని గోడకానించి అక్షరములు వల్లెవేయించినచో ఆతని మనస్సు ఎదురుతిరుగును. పరభాష నేర్చువారి మనస్సులోని బెదురును ఎలేన్ హోర్విట్జ్ ప్రభృతులు 1986లో పరిశీలించి, నలుగురిలో తప్పు పలుకుదునేమో యను భయము నేర్పును కుంటుపరచునని వివరించిరి. పరభాషకే యింత బెదురైనచో, "నీ సొంతభాషయే నీకు రాదు" అనిపించుకొను భయమెట్టిదో యోచింపుడు. ఫ్రెంచి తప్పినవానికి సిగ్గు లేదు. ఇంటిభాష తప్పినవానికి పుట్టుకయే తప్పైనట్లు తోచును.

సి. పి. బ్రౌను 1798లో జన్మించి 1817లో మదరాసు చేరినవాడు. అక్షరాభ్యాసము నాటి వయసు దాటిన పిదపనే తెలుగున కడుగుపెట్టి, 1852 నాటికి మనకు నిఘంటువు నిచ్చెను. ఆయన ఉచ్చారణను ఆనాటి పండితులు నవ్వియుండిరో లేదో కాని, ఎదుట నవ్వియుండరు. జీతము దొరగారిది గదా! ఆ మర్యాదలో సగమైనను హోసూరు వ్యాపారికి నేను చూపియుండిన నా నివేదికలో ఒక పేరు కొట్టివేయు పని యుండెడిది కాదు.

మన తెలుగునాట జరిగిన వేరొక సంగతి. 1990 దశకపు తొలి యేండ్లలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగినపుడు కూలి నాలి చేసికొను స్త్రీలు రాత్రి కేంద్రములకు వచ్చిరి. వారికి చెప్పిన పాఠము వారి యిండ్ల పాఠమే: సారా, చితికిన సంసారము. చదివిరి, చర్చించిరి, దూబగుంటలో సారా దుకాణము నెదిరించి నిలిచిరి. ఆ కదలిక జిల్లా యెల్ల వ్యాపించి, 1993లో రాష్ట్రమున సారా నిషేధమునకు దారితీసెను. వారి నుడికారమును ముందు దిద్దుదము, పాఠము పిదప చెప్పుదమని ఎవరైన కూర్చుండి యుండినచో ఏమై యుండెడిదో నాకు తెలియదు. దుకాణము మాత్రము మూతపడియుండదు.

నేనేల నవ్వితిని? ఈ ప్రశ్న నన్ను చాలకాలము బాధించినది. నిజము చెప్పవలెనన్న, అంతకు పూర్వము ఒక కోస్తా పట్టణపు సభలో నేను మాటలాడి దిగినపుడు, ఒక పెద్ద "అరవ తెలుగైనను బాగుగనే యున్నది" అని మెచ్చుకొనెను. ఆ మెప్పు నాలో ముల్లువలె దిగినది. ఆనాటినుండి నా తెలుగు శుద్ధమైనదని ఋజువు చేసికొనుటయే నా పనియైనది. ఆ ఋజువునకు నాకంటె 'అశుద్ధ' మాడువాడొకడు ఎదుట కావలసివచ్చెను. మన తెలుగు పంతుళ్లలో అనేకుల చిత్తవృత్తి యిదియే. గుంటూరువాడు నన్ను నవ్వును, నేను హోసూరువానిని నవ్వుదును, హోసూరువాడు ఇంటికి పోయి తన కొడుకుతో తమిళముననో ఇంగ్లీషుననో మాటలాడును.

పంతులుకు వేరు బాధలును కలవు. వానిని దాచుట న్యాయము కాదు. వెలుపలి రాష్ట్రములలో తెలుగు పంతులు బడికొక్కడు. తన కష్టము చెప్పుకొనుటకు సాటి తెలుగు ఉపాధ్యాయుడుండడు. పుస్తకములు ఆలస్యముగ వచ్చును. రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చుండబెట్టి చెప్పవలెను. తన బిడ్డలనే ఇంగ్లీషు బడికి పంపి, పరుల బిడ్డలను తెలుగునకు పిలువవలసివచ్చినపుడు ఆతని నోట మాట తడబడును. క్రిస్టినా మాస్లాక్ అను మనశ్శాస్త్రవేత్త 1981లో, మనుష్యులతో మెలగు వృత్తులవారికి కలుగు కృశత్వమును మూడు లక్షణములతో గుర్తించెను: మనస్సు ఎండిపోవుట, ఎదుటివారియెడ మొద్దుబారుట, నా పనికి ఫలము లేదను నిరాశ. ఈ మూడింటిని నేను సాటివారి ముఖములలో చూచితిని. మొద్దుబారిన పంతులు కటువుగా దిద్దును, దిద్దబడినవాడు మానును, మానుటచే పంతులు మరింత నిరాశ పడును.

ప్రధానోపాధ్యాయునిది అంకెల భయము. హాజరుపట్టీయే ఆతనికి జాతకచక్రము. తెలుగు విభాగమున పిల్లలు తగ్గినచో విభాగము పోవును, పంతులు పోవును. ఆ భయముచే ఆయన వేసవిలో ఇల్లిల్లు తిరిగి తలిదండ్రులను బ్రతిమాలును. బ్రతిమాలువానిని చూచినపుడు తలిదండ్రులకు కలుగునది గౌరవము కాదు, అనుమానము. మంచి సరుకును ఇంతగా బ్రతిమాలి యేల అమ్ముచున్నాడని తోచును.

ఇచ్చట కొందరు చట్టముల మాట ఎత్తుదురు. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని చెప్పుచున్నది. ఆచరణ ఆమడ దూరమున నున్నది. తమిళనాట 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున ప్రాకి, 2015–16 నాటికి పదవ తరగతిని చేరెను. అల్పసంఖ్యాక భాషల బాలబాలికలు న్యాయస్థానముల మెట్లెక్కవలసివచ్చెను. ఈ పోరాటము అవశ్యకమే; చేయుచున్నవారికి నమస్కారము. అయితే ఒక్క ప్రశ్న. రాత్రి 8 గంటలకు మన సొంత హాలులో, మన చందాలతో, పెద్దలకు జరుగు తరగతిని ఏ ప్రభుత్వపు చట్టము అడ్డగించినది? అదియు మూతపడుచున్నది కదా! ఆ తాళము ఎవరి చేతిలో నున్నది?

"దిద్దకున్న భాష భ్రష్టమగును" అని పెద్దలు గద్దింతురు. వ్రాతను దిద్దవలదని నేననలేదు. ఉత్తరము వ్రాయుటకు, పుస్తకము చదువుటకు అందరికిని తెలియు రూపమొకటి కావలెను; దానిని నేర్పుదము, కాని ఇంటిమాటను వెక్కిరించి కాదు. గిడుగు రామమూర్తిగారు ఇప్పుడు ఒడిశాలో నున్న పర్లాకిమిడిలోనే బడిపంతులు. ఆయన సవరల నోటినుండియే వారి భాషను నేర్చి, వారి మాటలోనే వారికి వాచకములు కూర్చినవాడు. 1936లో ఆ యూరు ఒరిస్సాలో చేరగా రాజమహేంద్రవరమునకు తరలిపోయెను. నేర్చువాని నోటిమాటనుండి చదువు మొదలు కావలెనని ఆయన జీవితమంతయు పోరాడెను. ఇట్టి గ్రాంథికము వ్రాయుచు ఆయన పేరెత్తుట విడ్డూరమని పాఠకులు నవ్వవచ్చును. నవ్వుడు, నాకీ పాతవాచకముల మాటయే చేతికి వచ్చును. ఎవని మాట వానిది.

వేదికల సంగతి యొకటి మిగిలినది. ఆల్బర్ట్ బండూరా 1977లో చెప్పిన ప్రకారము, ఈ పని నేను చేయగలనను నమ్మకము కలుగుటకు గల ముఖ్యమార్గములలో ఒకటి తనవంటివాడు చేయగా చూచుట. మన ఉగాది వేదికపై ఎవరిని చూపుచున్నాము? విమానమున వచ్చిన అవధానిగారిని, సినిమా గాయకుని. వారికి శాలువలు కప్పుట తప్పు కాదు. కాని ఆ సభలో వెనుక వరుసను కూర్చున్న దుకాణదారునకు అవధానిని చూచి "నేనును చేయగలను" అని తోచునా? పోయిన సంవత్సరము అక్షరములు నేర్చి, ఈ సంవత్సరము తన తల్లి పేరు తెలుగున వ్రాసిన యొక గృహిణిని వేదికపైకి పిలిచిన సంఘము నా యెరుకలో లేదు. ఒంటరిగా పదేండ్లు ఒక గదిలో పాఠము చెప్పిన పంతులునకు కుర్చీ వేసిన సంఘములును అరుదే.

వచ్చు విజయదశమికి మా తరగతి మరల తెరవబడును. మొదటి నెలలో మాటను దిద్దుట యుండదు. పాఠపుస్తకము ముందుగా లేదు. వచ్చినవారు తమ యింటినుండి తెలుగున వ్రాసియున్న కాగితమేదైన తేవలెను: పెండ్లి శుభలేఖ, పాత యుత్తరము, పద్దు, దస్తావేజు. దానితోనే మొదలు. ఆ వ్యాపారిగారికి ఈ సంగతి నేనే స్వయముగా పోయి చెప్పివచ్చితిని. చూతమనిరి. రేకుపెట్టె ఇంకను మంచము క్రిందనే యున్నదట.