జర్నలిజం విభాగానికి తాళం వేయనివ్వం!



మొన్న శుక్రవారం సాయంత్రం, అందరూ ఇళ్లకు వెళ్లిపోయే వేళ చూసి, మా విభాగం నోటీసు బోర్డుకు ఒక కాగితం అంటించి పోయారు. ఎం.ఏ. జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ కోర్సులో తగినంత మంది చేరడం లేదు కాబట్టి వచ్చే ఏడాది ప్రవేశాలు ఉండవట!

ఎందుకు చేరడం లేదో ఆ కాగితంలో రాయలేదేం? మేం చెబుతాం. ప్రొఫెసర్లు ఒక్కొక్కరే రిటైరయ్యారు. ఖాళీ అయిన పోస్టు ఖాళీగానే ఉండిపోయింది. ఇవాళ విభాగంలో రెగ్యులర్ అధ్యాపకుడన్నవాడే లేడు. పాఠాలు చెబుతున్నది గెస్ట్ ఫ్యాకల్టీ. పీహెచ్.డి. ఉంది, నెట్ ఉంది, గంటకింత అని లెక్కగట్టిన కూలి ఉంది. సెలవులొస్తే అదీ లేదు. వచ్చేదైనా నెలల తరబడి రాదు. పగలు మాకు పాఠం చెప్పి, రాత్రి ఏదో పత్రిక డెస్కులో వార్తలు దిద్దితే గానీ వాళ్లకు ఇల్లు గడవదు. గైడ్లు లేక పీహెచ్.డి. ప్రవేశాలు ఎప్పుడో ఆగాయి. ఎడిటింగ్ ల్యాబుకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగితే ఆఫీసు వాళ్లు స్టోర్సు వాళ్లను చూపిస్తారు, స్టోర్సు వాళ్లు ఆఫీసును చూపిస్తారు. బిడ్డను పస్తులుంచి, ఒళ్లు చేయలేదని ఇంట్లోంచి గెంటే తల్లి ఎక్కడైనా ఉంటుందా? మా విశ్వవిద్యాలయం ఆ పనే చేస్తోంది.

ఇది నిన్న మొన్న పుట్టిన చదువు కాదు. 1941లోనే లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం జర్నలిజం చెప్పింది. 1954లో ఉస్మానియాలో విభాగం తెరిచారు. అప్పటికి దేశంలో టీవీయే లేదు. కృష్ణా పత్రికను, ఆంధ్రపత్రికను, గోలకొండ పత్రికను కన్న జాతికి ఇంత చిన్న విభాగం బరువైపోయిందా?

పత్రికలకు సొంత జర్నలిజం స్కూళ్లు ఉన్నాయి, యూనివర్సిటీ దేనికి అంటున్నారు. అసలు గుట్టు ఇక్కడే ఉంది. పత్రిక స్కూలు తన కొలువుకు మనుషుల్ని తయారు చేసుకుంటుంది. ఆ పత్రికను నిలదీసే మనిషిని తయారు చేయదు, చేయమనడం అత్యాశ. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల డబ్బుతో వార్తలు అచ్చయ్యాయి. విచారణకు ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘం వేసింది. అందులో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి. పేర్లతో సహా 71 పేజీలు రాసిస్తే కౌన్సిల్ దాన్ని పక్కనబెట్టి, పొట్టి నివేదిక ఒకటి విడుదల చేసింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక, 2011లో గానీ అసలుది బయటకు రాలేదు. ఆ 71 పేజీలను ఏ యాజమాన్యం తన స్కూల్లో పాఠంగా పెడుతుంది? అచ్చైన ప్రకటన ఏది, వార్త ఏది అని విడదీసి చూపడం జీతమిచ్చేవాడి గదిలో కుదరదు. అది ప్రజల డబ్బుతో నడిచే తరగతి గదిలోనే కుదురుతుంది. ఈ గది ఎవరికి అక్కర్లేదో వేరే చెప్పాలా?

ఉద్యోగాలు రావంటారు. ఇంజినీరింగ్ పట్టాలు చేతబట్టుకుని తిరుగుతున్న వాళ్లను చూసి ఆ మాట అనండి. ఫోనున్న ప్రతివాడూ విలేకరే అంటారు. ఆ ఫోనుల్లో తిరిగే అబద్ధాలకు ఊళ్లలో అమాయకులు తన్నులు తింటున్నారు, ప్రాణాలూ పోయాయి. ఇక మాట్లాడకండి.

నోటీసు వెంటనే వెనక్కి తీసుకోవాలి. ఖాళీ పోస్టులన్నీ రెగ్యులర్ పద్ధతిలో భర్తీ చేయాలి. అంతవరకు గెస్ట్ అధ్యాపకులకు పన్నెండు నెలల జీతం ఇవ్వాలి. పరీక్ష తెలుగులో రాసే వీలుతో పాటు, తెలుగు పత్రికల చరిత్ర ఒక పూర్తి పేపరుగా ఉండాలి. కమిటీ వేస్తాం అంటే ఒప్పుకోం. ఇంతకు ముందు వేసిన కమిటీ నివేదిక ఎక్కడుందో ముందు చూపించండి.

సోమవారం ఉదయం 10 గంటలకు పరిపాలనా భవనం ముందు ధర్నా. పూర్వ విద్యార్థులు, డెస్కుల్లో ఉన్నవాళ్లు రాత్రి డ్యూటీ ముగించుకుని నేరుగా రండి.

— జర్నలిజం విభాగం విద్యార్థులు