చిక్కటి జావలో బిడ్డకు అందేదెంత?

ఆడి నెల వచ్చిందంటే తమిళనాడులో కవరైపేట్టై, గుమ్మిడిపూండి వైపు అమ్మవారి గుళ్ల దగ్గర కూళు కాస్తారు. రాత్రి కలిపి పులియబెట్టిన రాగిపిండిని మర్నాడు నూకలతో ఉడికిస్తారు. తెలుగువాళ్లకు అది అంబలే. గరిటెతో ఎత్తి పోస్తే బరువుగా జారాలి. పలచనైతే ‘నీళ్లు పోశారు’ అని మొహం మీదే అనేస్తారు. పెద్దవాళ్లకు ఆ లెక్క చెల్లుతుంది. ఎనిమిది నెలల బిడ్డ గిన్నెకూ అదే లెక్క కట్టడం దగ్గరే నాకు పేచీ.

జావను చిక్కబరిచేది ఎక్కువగా నీళ్లే. వేడి 60, 70 డిగ్రీలు దాటేసరికి పిండిలోని గంజి రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. 100 గ్రాముల రాగిపిండిలో సుమారు 320 కేలరీలుంటే, పది గ్రాముల పిండితో కాచిన 100 గ్రాముల జావలో ఉండేది 32. రోజుకు రెండు మూడు సార్లు తినే పసిబిడ్డ ఆహారంలో గ్రాముకు కనీసం 0.8 కేలరీలు, అంటే 100 గ్రాములకు 80 ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. ఎనిమిది కిలోల బిడ్డ పొట్టలో ఒక పూటకు పట్టేది పావుకిలోకు కాస్త తక్కువ. పోనీ పిండి రెట్టింపు చేద్దామంటే సంకటి అవుతుంది, బిడ్డ మింగలేదు.

దీనికి మందు మొలకల్లోనే ఉంది. మొలకెత్తిన రాగుల్లో పుట్టే అమైలేజ్ అనే ఎంజైమ్ గంజి గొలుసులను తెంచేస్తుంది. చిక్కటి జావ కాస్త చల్లారాక చెంచాడు మొలకపిండి కలిపితే నిమిషాల్లో ధారగా జారుతుంది. ఇంకోసారి పొంగు రానిచ్చి పెడితే సరి. వేసిన పిండంతా అందులోనే ఉంటుంది. 1980లలో బరోడా ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ బృందం పరిశోధించింది దీన్నే. దానికి బెల్లం, చెంచా నూనె తోడైతే 80 అందని ద్రాక్ష కాదు.

పలచనిదే మంచిదంటే నీళ్లజావ పోసేవాళ్లకు సాకు దొరుకుతుందన్న అనుమానం న్యాయమైనదే. అందుకే అంగన్‌వాడీలోనైనా ఇంట్లోనైనా పొయ్యి మీద పెట్టకముందే పిండిని కొలవాలి. కాచాక గరిటె చూసి తేల్చేది ఏమీ లేదు. పులియబెట్టినా పలచబడుతుంది కదా అంటారు. కొంతవరకే, పైగా పులుపు పసివాళ్లకు నచ్చాలిగా! మొలకకట్టి ఎండబెట్టడం చాకిరీ అన్నదీ నిజం, తడి మిగిలితే బూజు పడుతుంది. కొన్న మాల్ట్‌తో సరిపెట్టుకోవచ్చు కానీ, కమ్మటి వాసన కోసం గట్టిగా వేయించిన పిండిలో అమైలేజ్ చచ్చిపోతుంది. ఆ పిండి ఎంత కలిపినా జావ చిక్కగానే ఉంటుంది.