తెలుగు అరకు ఒక పటం

బళ్లారిలో తెలుగు చదువుకునే పిల్లవాడికి నాటకకర్తలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు తన ఊళ్లోనే పనిచేశారని ఎలా తెలుస్తుంది? గిడుగు రామమూర్తి పంతులు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారన్న సంగతి ఇప్పటి ఆ ఊరి పిల్లలకు ఎక్కడ కనిపిస్తుంది? వాళ్ల పుస్తకాలు బడి బీరువాలో ఉండవచ్చు. కానీ గ్రంథాలయ కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లవాడికి ఎదురయ్యేది ఒక ఖాళీ గడి. అందులో ఏం టైపు చేయాలో ముందే తెలిసినవాడికే అది పనికొస్తుంది.

ఈ పేజీ పని చూసే మాలో కొందరం తీరిక వేళల్లో, సరదా కోసమే, ఒక చిన్న సాధనం తయారు చేశాం. గ్రంథాలయ జాబితాను అది బొమ్మగా చూపుతుంది. ఒక్కో రచయితకు ఒక్కో చుక్క. బడిలో ఆ రచయిత పుస్తకాలు ఎక్కువుంటే చుక్క పెద్దది. పక్కనే దక్షిణ భారత పటం. హంపి మీద వేలు పెడితే 'ఆముక్తమాల్యద', 'మనుచరిత్ర' కనిపిస్తాయి. తంజావూరు మీద పెడితే రఘునాథ నాయకుని కొలువు, 'విజయవిలాసం' రాసిన చేమకూర వేంకటకవి. యానాం మీద పెడితే అక్కడ బాల్యం గడిపిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి. అట్ట బొమ్మను ముట్టుకుంటే పుస్తకం ఏ బీరువాలో, ఏ అరలో ఉందో చెబుతుంది. అడిగిన ప్రతి బడికీ దీన్ని ఉచితంగా ఇస్తాం. మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు.

సరదా పనికి ఇంత హడావుడి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. పరిశోధకులు వాడే 'కనెక్టెడ్ పేపర్స్' కూడా కొందరు మిత్రులు వారాంతాల్లో సరదాగా మొదలుపెట్టినదే. ఒక వ్యాసం పేరు ఇస్తే దానికి దగ్గరి వ్యాసాలను చుక్కలుగా, గీతలుగా గీసి చూపుతుంది. వాళ్ల తెలివిని తక్కువ చేయడం లేదు గానీ, 'సెమాంటిక్ స్కాలర్' పోగుచేసిన వ్యాసాల సమాచారం చేతికి అందబట్టే ఆ బొమ్మ గీయడం వీలయింది. మన దగ్గర కొరత అక్కడే. గీసే చేతులున్నాయి, జాబితా లేదు.

ఉన్న జాబితాలైనా తిన్నగా లేవు. ఒక చోట శ్రీశ్రీ అని, మరో చోట శ్రీరంగం శ్రీనివాసరావు అని ఎక్కిస్తే యంత్రం లెక్కలో ఇద్దరు మనుషులు. చలం, గుడిపాటి వెంకటచలం సంగతీ అంతే. రోమన్ లిపిలో గురజాడను ఒకరు 'జె'తో రాస్తారు, ఇంకొకరు 'జెడ్'తో. 'భారతము' అని ఎక్కించిన పుస్తకం 'భారతం' అని వెతికితే దొరకదు. అను ఫాంట్లలో టైపు చేసిన జాబితాను ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలే. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ చోటుంది. ఇంకా ఈ అవస్థ ఎందుకు పడాలో మాకు అర్థం కాదు.

ముచ్చట కోసం చెబుతున్న మాట కాదిది. ఏళ్ల తరబడి ఎవరూ తీసుకెళ్లని పుస్తకం అక్కర్లేని పుస్తకమనే లెక్కలోకి వస్తుంది. చోటు చాలనప్పుడు కట్టలు కట్టి అటకెక్కించేది దాన్నే. పిల్లలు తగ్గారని తెలుగు సెక్షను పోవడం, చదివేవారు లేరని తెలుగు అర పోవడం ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం తప్పనిసరి పాఠమయింది. హోసూరులో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు తెలుగు అక్షరాలను కూడబలుక్కుని చదవగలడేమో గానీ, కీబోర్డు మీద వత్తులు, గుణింతాలు వెతుక్కుంటూ కూర్చోడు. అట్ట బొమ్మనైతే గుర్తుపడతాడు. తన ఊరి పేరు పటంలో కనిపిస్తే దాని మీద వేలు పెట్టి చూడకుండా ఉండడు.

కాబట్టి మాస్టార్లను, టీచరమ్మలను మేము అడిగేది ఒక్కటే: మీ బడి తెలుగు పుస్తకాల జాబితా. పుస్తకం పేరు, రచయిత అసలు పేరు, కలం పేరు, అచ్చయిన ఏడాది, విషయం, బీరువా, అర, రచయితకు సంబంధం ఉన్న ఊరు. ఈ ఎనిమిది గడులు యూనికోడ్ తెలుగులో నింపితే చాలు. వంద పుస్తకాలున్నా ఫరవాలేదు, పాతికున్నా ఫరవాలేదు. పూర్తయ్యాక పంపుదామని ఆగవద్దు. ఊరి గడి మాత్రం వదిలేయవద్దు, అది మీరు తప్ప ఎవరూ నింపలేరు. మా పటంలో షోలాపూరు మీద ఇంకా ఒక్క చుక్కా లేదు. పద్మశాలీలు తరాలుగా మగ్గాలు నడిపిన ఊరది. చుక్క పెట్టాల్సింది అక్కడి బడులే.

ఒక జాగ్రత్త. ఏ పిల్లవాడు ఏ పుస్తకం తీసుకెళ్లాడో రాసుకునే షీటు వేరు, మేము అడుగుతున్న జాబితా వేరు. మొదటిది బడి దాటి బయటికి రాకూడదు. చాలా చోట్ల రెండూ ఒకే ఫైలులో ఉంటాయి. పంపే ముందు పిల్లల పేర్ల గడి తీసేసి, మరోసారి తెరిచి చూసుకోండి.