బజారు వీధుల్లో వేగానికి కళ్లెమేదీ?

విజయనగరం: గంట్యాడ, బొండపల్లి వైపు నుంచి కూరగాయల గంపలతో పట్నం వచ్చే వారికి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బండి దిగడం ఒక ఎత్తు, రోడ్డు దాటడం ఇంకొక ఎత్తు. నెత్తిన గంప ఉన్న మనిషి మెడ తిప్పి రెండు వైపులా చూడలేడు. వచ్చేవాడే ఆగుతాడులే అనుకుని అడుగు వేస్తాడు. మోటారు సైకిలు మీది కుర్రాడేమో గంప మోసేవాడే ఆగాలనుకుంటాడు. ఘోషాసుపత్రికి నెలలు నిండిన కోడలిని తీసుకువచ్చే ముసలమ్మల అవస్థ మరీ దారుణం.

2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన గరిష్ఠ వేగాల ప్రకారం మునిసిపల్ హద్దుల్లో కారు గంటకు 70 కిలోమీటర్లు, మోటారు సైకిలు, లారీ, బస్సు 60 కిలోమీటర్ల వరకు పోవచ్చు. ఢిల్లీ రోడ్లను చూసి రాసిన అంకెలు కాబోలు! కోట నుంచి మూడు లాంతర్లు, గంటస్తంభం దాకా సాగే బజారులో 70 ఎవరికి పనికొస్తుంది?

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదుట మనిషిని చూసి బ్రేకు మీద కాలు పడేసరికే ఒక సెకను అయిపోతుంది. పొడి రోడ్డు, మంచి బ్రేకులు ఉన్నా బండి పూర్తిగా ఆగడానికి 36 మీటర్లకు తక్కువ పట్టదు. అదే 30 వేగమైతే 14 మీటర్లు చాలు. వేగం రెట్టింపైతే దెబ్బలోని బలం నాలుగింతలవుతుంది. 30లో కాలు విరిగి బతికి బయటపడేవాడు 60లో బతకడం కష్టం. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది కాలినడకన పోయేవారే. మొత్తం మరణాల్లో నూటికి 70కి పైగా అతివేగం వల్లనే.

వేగం తగ్గిస్తే పనులు ఆగిపోతాయని, వ్యాపారం దెబ్బ తింటుందని కొందరి వాదన. ఊళ్లో రెండు కిలోమీటర్లు పోవడానికి 60 వేగంతో రెండు నిమిషాలు, 30తో నాలుగు నిమిషాలు. తేడా రెండు నిమిషాలే. టీ కొట్టు దగ్గర అంతకంటే ఎక్కువసేపే నిలబడతారు. పైగా సాయంత్రం రద్దీలో 60 ఎవరికీ అందదు. ఆ జోరంతా తెల్లవారుజామున, మిట్టమధ్యాహ్నం, దుకాణాలు కట్టేశాక!

ఇది కొత్త మాట కూడా కాదు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరం 1992లోనే చాలా వీధులకు 30 పరిమితి పెట్టింది. 2021లో పారిస్ అదే దారి పట్టింది. కాలినడక వాళ్లూ బండ్లూ కలిసి తిరిగే చోట 30 దాటరాదని 2020లో స్టాక్‌హోంలో వివిధ దేశాల మంత్రులు చేసిన ప్రకటనలో ఉంది.

ఇక్కడ చేయడానికి చట్టం అడ్డు రాదు. 1988 మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం ప్రజల భద్రత కోసం ఏ రోడ్డుకైనా తక్కువ వేగం నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. గెజెట్‌లో ప్రకటించాలి, ఆ రోడ్డు మీద బోర్డులు పెట్టాలి. బోర్డు లేకుండా జరిమానా రాస్తే జనం తగువుకు రారా మరి? అలాగని బోర్డు పాతి చేతులు దులుపుకుంటే అది సినిమా పోస్టర్లు అంటించడానికే పనికొస్తుంది. స్పీడు బ్రేకరూ కొలత ప్రకారం ఉండాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. పల్లెల్లో ఎవరికి తోచినట్టు వారు పోసే గడ్డల వల్ల ఆటోలోని గర్భిణుల నడుములు విరగడమే తప్ప కుర్రకారు జోరు తగ్గడం లేదు.

ఏటా విజయదశమి వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను తిరిగే వేళ ఈ బజారులోకి బండ్లను రానివ్వరు. అందుకు పోలీసులు, మునిసిపల్ అధికారులు ముందుగానే కూర్చుని ఏర్పాట్లు చేస్తారు. మిగతా రోజుల సంగతీ అలాగే కూర్చుని తేల్చాలి. కోట, మూడు లాంతర్లు, గంటస్తంభం, కాంప్లెక్స్, ఘోషాసుపత్రి రోడ్లకు 30 కిలోమీటర్లు నిర్ణయించాలని జిల్లా రహదారి భద్రతా కమిటీ ప్రభుత్వానికి రాయాలి. పది బోర్డుల ఖర్చు కార్పొరేషన్ భరించలేనిది కాదు.