పొదుపు యాత్రికుని పళ్లెం

వీపున సంచీతో ఐరోపా చుట్టివచ్చే యువయాత్రికులు డబ్బు కలిసిరావాలని మొట్టమొదట కోత విధించేది తిండికే. నాలుగు రోజులు బిస్కెట్లతో గడిపినవారికి అయిదవ రోజున మ్యూజియం మెట్లెక్కే ఓపిక ఉండదు. ముందుగా కొన్న టిక్కెట్టూ వ్యర్థమే. పొదుపు చూపవలసినది తినే వేళను, చోటును ఎంచుకోవడంలో.

స్పెయిన్‌లో పనిదినాల మధ్యాహ్నం ‘మెనూ దెల్ దియా’ అడగండి. 1960వ దశకంలో పర్యాటకుల కోసం ప్రభుత్వం ప్రవేశపెట్టిన స్థిరధర భోజనం దీనికి మూలం. రెండు వంటకాలు, రొట్టె, పానీయం, చివర పండో మిఠాయో ఒకే ధరకు లభిస్తాయి. అదే ప్రధాన భోజనమైతే, రాత్రికి అంగట్లో కొన్న రొట్టె, చీజు, టొమాటోలు చాలును.

ఇటలీలో కాఫీ నిలబడి తాగితే ఒక ధర. కూర్చుని తాగితే చాలాచోట్ల అంతకు మించిన ధర. ఫ్రాన్సులో భోజనంతోపాటు కుళాయినీటి కూజా ఉచితం. సీసానీటికి వెల చెల్లించాలి. జర్మనీలో ఆదివారం దుకాణాలు సాధారణంగా మూసి ఉంటాయి. సరుకులు శనివారమే కొనిపెట్టుకోవాలి.

వంటగది ఉన్న యువజన వసతిగృహంలో దిగితే గుప్పెడు బియ్యం, పప్పుతో వేడి అన్నం సిద్ధమవుతుంది. శాకాహారులకు ఇది మరీ మేలు. స్పెయిన్‌లో పప్పు వంటకాలలో సైతం మాంసం ముక్కలు వేయడం కద్దు.

కడుపు నిండినవారికే కొత్త ఊరు కన్నులపండువు.